నేను పెట్టిన టిక్కులు

తువ్వాలును చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టుకుని, తొడ బిగించి, ఆ చుట్టను మంచానికేసి నొక్కి అయిదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాలట. పంజగుట్ట ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి పోయినవారం ఇది నేర్పించి, రోజూ రెండు పూటలా చేయమని ఒక కాగితం చేతిలో పెట్టింది. నా కుడి తుంటి కీలు అరిగిపోయింది, నెలన్నరలో దాన్ని మార్చే ఆపరేషను. ఆలోగా తొడలకూ చేతులకూ కాస్త బలం తెచ్చుకుంటే తర్వాత లేచి నడవడం తేలికవుతుందట. కాగితం నిండా గళ్ళున్నాయి, చేసిన పూటకల్లా ఒక గడిలో టిక్కు పెట్టాలి. నా ఈడువాళ్ళకు ఇది చిన్నపిల్లల హోంవర్కులా కనిపించి నవ్వొస్తుందేమో, నాకు మాత్రం రాలేదు. ఏడేళ్ళ కిందట ఇలాంటి గళ్ళ కాగితమే మా ఇంటామెకు ఇచ్చారు. ఆ గళ్ళన్నీ నింపింది నేను.

మాది సిరిసిల్ల వైపు నేతపని కుటుంబం. పెళ్ళయిన కొత్తలో మగ్గం వదిలి పట్నం వచ్చి, బోరబండలో ఒక గది అద్దెకు తీసుకుని, అమీర్‌పేట సందులో మొదటి అంతస్తులో చిన్న టైలరు దుకాణం పెట్టుకున్నాం. కొలతలూ కత్తిరింపూ నావి, కుట్టుపనంతా ఆమెది. ఆ దుకాణం మెట్లు నిటారుగా, పట్టుకోవడానికి కడ్డీ అయినా లేకుండా ఉండేవి; నేను మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేవాణ్ణి, ఆమె మాత్రం బట్టల మూట నెత్తిన పెట్టుకుని, కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి గబగబా ఎక్కేసి, పైనుంచి నన్ను చూసి నవ్వేది. హాస్టళ్ళ ఆడపిల్లలు పండగ ముందు జాకెట్లు తెచ్చి కుప్పపోసినప్పుడు, ఏ రంగు దారమో అస్తరు గుడ్డో తక్కువైతే, బస్సు కోసం నిలబడే ఓపిక లేక పంజగుట్టదాకా నడిచివెళ్ళి, నేను రెండు జాకెట్లు కత్తిరించేలోపల తిరిగొచ్చేది. ఇప్పుడు మెట్రో స్తంభాలున్న ఆ రోడ్డు మీద అప్పట్లో చెట్ల నీడ కూడా ఉండేది. ఇద్దరం కలిసి నడిస్తే నేనెప్పుడూ నాలుగడుగులు వెనకే.

అరవై దాటాక ఆమెకు ఎడమ తుంటిలో నొప్పి మొదలైంది. చాన్నాళ్ళు దాచుకుంది గానీ, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి ఎక్కడం చూశాక ఇక నా దగ్గర దాగలేదు. మాత్రలూ నూనెలూ అన్నీ అయ్యాక చివరికి ఆపరేషను దాకా వచ్చింది. డాక్టరును ఆమె అడిగింది ఒక్కటే మాట.

“సార్, మల్ల మా దుకాణం మెట్లు ఎక్కుతనా?”

ఎక్కుతావమ్మా, ముందు ఈ వ్యాయామాలు బాగా చెయ్యి అన్నాడాయన. కొంచెం నొప్పి ఉంటే భయపడొద్దనీ, మరీ ఎక్కువైతే ఫోను చేస్తే తేలికవి చూపిస్తాననీ అప్పటి ఫిజియోథెరపీ అమ్మాయి నాకు ప్రత్యేకంగా చెప్పింది కూడా.

మొదటి రోజు మోకాలి కింది చుట్టను నొక్కుతూ ఆమె “అమ్మా” అని మూలిగింది. నా ప్రాణం విలవిల్లాడిపోయింది. అదే సమయానికి ఎర్రగడ్డ రైతుబజారు నుంచి కూరగాయల సంచితో మా వదిన రావడం, తలుపు దగ్గరే నిలబడి కేకలు పెట్టడం జరిగాయి.

“ఆపరేషన్ పెట్టుకొని గీ తిప్పలేందే? మంచం దిగకు. ఉన్న బొక్కలు సుత అరుగుతయి!”

మా ఇళ్ళల్లో ఆపరేషను తారీకు పడ్డ మనిషిని బాలింతను చూసినట్టు చూస్తారు. కదలనివ్వరు, మంచినీళ్ళ గ్లాసు కూడా మంచం దగ్గరికే వస్తుంది. అదే ప్రేమ అని నేనూ నమ్మాను. మర్నాడు ఆమె మళ్ళీ తువ్వాలు చుట్టుకుంటుంటే లాగేసుకున్నాను.

“జర చెయ్యనియ్యుండ్రి. రేపు మెట్లు ఎక్కాల్సింది నేనే గద” అంది.

“నేనున్న గద, నువ్వు ఊకో” అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. నేను ఉండి ఏం చేశాను, మెట్లు ఆమె కాళ్ళతో నేను ఎక్కానా?

తీరా ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళాల్సిన రోజు దగ్గరపడ్డాక, గళ్ళు ఖాళీగా కనిపిస్తే ఆపరేషను వాయిదా వేస్తారేమోనని భయం పట్టుకుంది. చెవి మీద ఎప్పుడూ ఉండే కొలతల పెన్సిలు తీసి, ఒక్క ఊపులో గళ్ళన్నింటికీ టిక్కులు కొట్టేశాను. జాకెట్టు కొలత అర అంగుళం తేడా రాస్తే నిద్రపట్టని మనిషిని, ఆ పని మాత్రం చెయ్యి వణక్కుండా చేశాను. ఆసుపత్రిలో ఆ అమ్మాయి కాగితం చూసి సంబరపడిపోయింది.

“ఒక్క పూట కూడా మానలేదండీ! మా పేషెంట్లందరికీ మీ గురించి చెప్తాను పెద్దమ్మ గారూ.”

మా ఇంటామె కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది, తల దించుకుంది. పదిమందిలో నా పరువు పోనివ్వలేదు. అప్పుడైనా ఎవరో ఒకరం నోరు విప్పి ఉంటే ఇంకా రోజులున్నాయి, మొదలుపెట్టించేవారు.

ఆపరేషను బాగానే జరిగింది. మర్నాడు వాకర్ పట్టుకుని నిలబెడితే చేతులు గజగజలాడాయి, తొడలు నిలవలేదు. పక్క మంచం మీది ముసలామె మూడోనాటికి వరండా చివరిదాకా నడిచి వస్తుంటే, మా ఇంటామె మంచం అంచున కూర్చుని ఆమె పాదాలనే చూస్తూ ఉండిపోయేది. అంత బాగా చేసిన మనిషికి ఇలా ఎందుకైందని ఆ అమ్మాయి తెగ మథనపడింది, అప్పుడూ నేను నిజం చెప్పలేదు. అందరి ఒళ్ళూ ఒకేలా ఉండవని తర్వాత డాక్టరు అన్నాడు గానీ, ఆ మాట చాటున దాక్కోవడం నాకు చేతకాలేదు. నొప్పి పోయింది, వాకర్ మాత్రం పోలేదు. దుకాణం మెట్లు ఆమె మళ్ళీ ఎక్కలేదు. ఏడాది చూసి, ఆమె మిషనును కిందికి దింపించి ఇంటికి తెచ్చాను. ఆ మధ్య అటుగా వెళ్తే, మా దుకాణం ఉన్నచోట ఏదో కంప్యూటరు కోర్సుల బోర్డు ఉంది, మెట్లకు కడ్డీ కూడా వేశారు.

ఇప్పుడు నా వంతు. పొద్దున్నే ఆమె వాకర్ చప్పుడు చేసుకుంటూ వచ్చి, నా మంచం పక్క కుర్చీలో కూర్చుని, తువ్వాలు తానే చుట్టి ఇస్తుంది. నేను మూలిగినా ముఖం చిట్లించదు, “ఇంక మూడున్నయి, ఆపకుండ్రి” అంటుంది, పూర్తయ్యేదాకా కదలనివ్వదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న నేనే ఆగలేక, అప్పుడు నిన్ను చెయ్యనిచ్చి ఉంటే బాగుండేది కదా అన్నాను. ఆమె తువ్వాలు చుట్ట తీసి పక్కన పెట్టి, మడమను మంచం మీద ముందుకీ వెనక్కీ జరిపే వ్యాయామం ఇంకా మిగిలిందని గుర్తుచేసింది.

ఒకప్పుడు నేను సుద్దతో గీసిన గీత మీదనే ఆమె మిషను నడిచేది. ఇప్పుడు గళ్ళలో టిక్కు ఆమే పెడుతుంది, చేయని పూట ఆ గడి ఖాళీగానే వదిలేస్తుంది. పెట్టాక పెన్సిలును కొప్పులో దోపుకుంటుంది. నా చేతికి మాత్రం ఇవ్వదు.