అల్మారా తలుపు మీద నలుగురు

మా మేనత్తని ఇంట్లో అందరం అట్టలత్త అంటాం. పుస్తకాలకి అట్టలు వేసే బైండింగు షాపులో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది మరి. ఆ పేరంటే ఆవిడకి కోపం లేదు. కొత్తవాళ్ళెవరైనా విని నవ్వితే మాత్రం, "మీ ఇంట్లో పుస్తకాలున్నాయా? ఉంటే వాటి వీపు నిమిరిన చెయ్యి ఇదే" అని చెయ్యి ముందుకి చాపుతుంది. పుస్తకం మీద రాసినవాళ్ళ పేరుంటుంది, అచ్చు వేసినవాళ్ళ పేరుంటుంది, ముఖచిత్రం గీసినవాళ్ళ పేరు కూడా ఉంటుంది. కుట్టి, జిగురు పూసి, అట్ట వేసినవాళ్ళ పేరు మాత్రం ఏ మూలా ఉండదు. ఈ సంగతి ఆవిడ కడుపులో ఏళ్ళ తరబడి రగులుతోందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

షాపు మూతపడ్డాక ఆవిడ నీటిరంగులు పట్టింది. ఏ పూలో, పడవలో వేసుకుంటుందనుకున్నాం. ఆవిడ పట్టుబట్టి వేసిందల్లా ఒకటే బొమ్మ. షాపులో పొడుగుబల్ల ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. ఒకావిడ కాగితాలు మడుస్తుంటుంది, ఒకావిడ కుడుతుంటుంది, ఒకావిడ అంచులు కోస్తుంటుంది. నాలుగోది తనే, జిగురు గిన్నె పక్కన. వాళ్ళ వెనక పెద్ద బూడిదరంగు గోడ. మడతలావిడా, అంచులావిడా ఇప్పుడు లేరు. మిగిలింది కుట్టుపని చేసిన సూదమ్మ, మా అత్త.

పోయినేడు ఆ బొమ్మ పట్టుకుని చిత్రకళా మందిరానికి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. ఏటా అక్కడ ప్రదర్శన పెడతారు, ఎవరైనా బొమ్మలివ్వచ్చని గేటు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. ఆ బూడిదరంగు గోడ కోసం అత్త కాగితమంతా తడిపి రంగు పారించింది కదా, అది ఉబ్బి, ఆరాక అలలు అలలుగా లేచిపోయింది. కార్యదర్శి గారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి కిటికీ వైపు పట్టుకున్నారు.

"కాగితమే నిలవలేదండీ, ఇంక బొమ్మేం నిలుస్తుంది? సరదాగా వేసుకోండి, ఇంట్లో పెట్టుకోండి" అన్నారు. అంతటితో ఊరుకున్నారా? బల్ల మీదున్న సందర్శకుల పుస్తకం ఇటు తిప్పి, "వచ్చారు కాబట్టి అభిప్రాయం రాసి వెళ్ళండి" అని కలం కూడా అందించారు.

అత్త కలం పుచ్చుకోలేదు. ఆ పుస్తకం వెన్ను మీద బొటనవేలు ఒక్కసారి పైనుంచి కిందకి రాసి, వెనక్కి తిరిగింది. గేటు దాటాక అంది.

"ఆ పుస్తకం మాదేనే. సూదమ్మ కుట్టింది, అట్ట నేను వేశాను. మా పుస్తకంలో నన్ను అభిప్రాయం రాసి పొమ్మంటుందా ఆవిడ?"

నాకూ ఒళ్ళు మండింది. అయినా పెద్దదాన్లా, "పోనీలే అత్తా, వదిలెయ్" అన్నాను.

"వదలను. వచ్చే ఏడు ఆ గోడ మీద మేం నలుగురం ఉంటాం. ఒక్క ముడత కూడా లేని కాగితం మీద ఉంటాం. రాసి పెట్టుకో."

ఇక ఇంట్లో మొదలైంది. మా నాన్న స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి చెప్పులు కూడా వరసలో నిలబడాలి. "మందపాటి కాగితం కొనుక్కోవే, అది ఉబ్బదట కదా" అన్నాడు. నిజానికి మంచి సలహానే. కానీ మా అత్తకి ముక్కు మీద కోపం.

"ఇరవై ఆరేళ్ళు కాగితంతో కాపురం చేశాను అన్నయ్యా. ఇప్పుడది నాకు లొంగదంటే నేను ఊరుకోవాలా? ఈ కాగితంతోనే చేస్తాను" అంది.

ఆవిడ చేసిన మొదటి పని బైండరు తప్ప ఇంకెవరూ చెయ్యరు. బైండింగులో తడి తగిలిన ప్రతిదాన్నీ బరువు కింద పెడతారు. ఆ చేతులకి అదే అలవాటు. కాగితాన్ని టబ్బులో నానబెట్టి, రెండు పాత చీరల మధ్య పరిచి, పైన చెక్క పలక పెట్టి, దాని మీద ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను, నాన్న పాత ట్రంకుపెట్టె ఎక్కించింది. మూడు రోజులకి తీస్తే కాగితం చదునుగానే ఉంది, కాదనను. దాని నిండా చీర నేత అచ్చు పడింది. పైగా కుంచెతో నీళ్ళు పెట్టగానే మళ్ళీ లేచి కూర్చుంది. నేను నవ్వాను. అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు తనే నా మంచం అంచున కూర్చుని చెప్పింది.

"నాకు అణిచిపెట్టడం ఒకటే తెలుసే. తడిస్తే కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అది దాని గుణం. దాన్ని అణిస్తే ఏం లాభం? సాగినప్పుడు నాలుగంచులూ గట్టిగా పట్టేసి, మధ్యలో దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ఆరేటప్పుడు తనంతట తనే బిగుసుకుంటుంది."

పట్టడానికి ఏం వాడాలో మాత్రం ఆవిడని అడగక్కర్లేదు. ఒక వైపు జిగురు పూసి ఉండే గోధుమరంగు కాగితం టేపు ఉంటుంది, తడి చేస్తేనే అంటుకుంటుంది. బైండింగులో పుస్తకం వెన్నుకి వేస్తారు. షాపు మూసిన రోజు అందరూ గోడగడియారం బహుమతిగా తీసుకుంటే మా అత్త ఆ టేపు చుట్ట తెచ్చుకుంది. పెద్ద కాగితాలకైతే మూడింటికి సరిపోతుందంది, అంతే ఉంది.

మొదటిది భోజనాల బల్ల మీద వేసింది. బల్లకి పాలిష్ ఉంది, టేపు సగం ఆరగానే పొరలా ఊడొచ్చింది. రెండోది ఒక పాత పలక మీద వేసి, తొందరపడి ఫ్యాను కింద పెట్టింది. అంచులు ముందు ఆరి, మధ్య ఇంకా తడిగా ఉండగానే ఫట్‌మని మూల చిరిగింది, ఆ లాగుడుకి పలక కూడా వంగిపోయింది. ఇక మిగిలింది ఒక్క కాగితానికి టేపు. దానికి మెరుగు లేని ఉత్త చెక్క కావాలి, పెద్దది కావాలి, వంగనిది కావాలి. ఇల్లంతా కలియజూసింది. నాన్న గదిలో చెక్క అల్మారా తలుపు బయట రంగు వేసి ఉంటుంది గానీ లోపలి వైపు ఉత్త ప్లైవుడ్డే.

నాన్న బజారు నుంచి వచ్చేసరికి తలుపు నేల మీదుంది. అల్మారాలో ఆయన చొక్కాలన్నీ రంగుల వరసలో, ఊరందరికీ కనిపించేలా వేలాడుతున్నాయి.

"నా తలుపేదే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నీ చొక్కాలకి కాస్త గాలి తగలనీ అన్నయ్యా" అంది అత్త, తల ఎత్తకుండా.

అప్పటికే కాగితం నానబెట్టింది. మూల పట్టి ఎత్తి నీళ్ళు కారనిచ్చి, తలుపు మీద మెల్లగా దించి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో గాలి తోసేసింది. స్పాంజితో టేపు తడిపి, సగం కాగితం మీదా సగం చెక్క మీదా పడేలా నాలుగు వైపులా అతికించింది. ఫ్యాను ఆపించింది. మర్నాడు పొద్దున వేలితో మీటితే కాగితం డప్పులా మోగింది. నాన్న కూడా వచ్చి ఒకసారి మీటి వెళ్ళాడు.

మూడు వారాలు వేసింది ఆ బొమ్మ. గోడ రంగు చివరికి ఉంచుకుంది. సరిగ్గా బొమ్మలిచ్చే రోజుకి ముందు రోజు ఆ బూడిదరంగు పారించింది, ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. తెల్లారినా కాగితం ఆరలేదు. అత్త చేతి వెనక వైపు ఆనించి చూసింది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు లెక్క. తడి మీద కాగితాన్ని తలుపు నుంచి కోస్తే మూడు వారాల పనీ అలల పాలవుతుంది. సాయంత్రం ఐదు దాటితే బొమ్మలు తీసుకోరు.

"తలుపు ఎత్తు" అంది నాతో.

"ఎక్కడికి?"

"మందిరానికి. అక్కడే ఆరుతుంది."

పైన ప్లాస్టిక్ కప్పి ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళాం. హాలు మధ్యలో రెండు కుర్చీల మీద తలుపు పడుకోబెట్టాం, హ్యాండిలు కింద వేలాడుతోంది. కార్యదర్శి గారు పరిగెత్తుకొచ్చారు.

"ఇదేంటండీ, ఇది ఆర్టు గ్యాలరీ, వడ్రంగి కొట్టు కాదు!"

"తెలుసండీ. బొమ్మ ఆరితే కోసిస్తాను. ఐదింటి దాకా టైముందని మీరే రాశారు" అని అత్త ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

అలా కూర్చుంది ఆవిడ, పొద్దున పదిన్నర నుంచి. రంగు ఆరడం చూస్తూ మనిషి అంతసేపు పంతం పట్టగలదని నేనెప్పుడూ అనుకోలేదు. నిలువుటద్దాల్లాంటి ఫ్రేములు మోసుకొచ్చినవాళ్ళు మా తలుపు చూసి మూతి తిప్పుకున్నారు. కార్యదర్శి గారు మూడుసార్లు వచ్చి, "ఇది దారికి అడ్డమండీ" అన్నారు. అత్త మూడుసార్లూ కుర్చీ ఒక అంగుళం జరిపింది.

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. తలుపు కోసం వచ్చాడనుకుని నేను అడ్డంగా నిలబడ్డాను. ఆయన బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కుర్చీలు సరిగ్గా వరసలో లేవని సర్దాడు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, అటుగా వచ్చినవాళ్ళకి, "దగ్గరికి రావద్దు, ఒకరి తర్వాత ఒకరు, అక్కణ్ణుంచే చూడండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. దాంతో నిజంగానే వరస కట్టారు జనం!

నాలుగున్నరకి అత్త చేతి వెనక వైపు మళ్ళీ ఆనించింది. చెంప కూడా ఆనించింది. సంచిలోంచి బైండింగు కత్తి తీసింది. కార్యదర్శి గారూ వచ్చి నిలబడ్డారు. అత్త ఒక అంచు కోసింది, ఎదుటి అంచు కోసింది, మిగతా రెండూ కోసింది. కాగితం కిందకి చెయ్యి పోనిచ్చి ఎత్తి, కార్యదర్శి గారి కళ్ళకి ఎదురుగా అడ్డంగా పట్టుకుంది.

"చూడండి. ఎక్కడైనా లేచిందా?"

ఆవిడ వంగి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. వేలు పెట్టి రాశారు. లేవలేదు, ఎక్కడా లేవలేదు! "బాగుందండీ" అన్నారు, ఆ మాట ఆవిడ గొంతులోంచి బలవంతాన ఊడొచ్చింది. "కింద చీటీలో ఆర్టిస్టు పేరు రాయండి."

అత్త నాలుగు పేర్లు రాసింది, తనది చివర.

"బొమ్మ వేసింది మీరొక్కరే కదా?"

"పుస్తకం రాసింది ఒకరైనా చేసింది నలుగురం కదండీ. చోటు చాలకపోతే ఇంకో చీటీ ఇవ్వండి."

ఇంకో చీటీ ఇచ్చారు.

ప్రదర్శన తెరిచిన రోజు అత్త సూదమ్మని తీసుకొచ్చింది. సూదమ్మకి చూపు బాగా తగ్గింది. బొమ్మకి దాదాపు ముక్కు ఆనించి, మడతలావిడని, అంచులావిడని, అత్తని, తనని వేలితో ఒక్కొక్కరినే తడుముకుంటూ చూసింది. పక్కనే నిలబడ్డ నాన్న, ఆవిడని మాత్రం దగ్గరికి రావద్దనలేదు. ఆవిడ ఏడ్చింది, మా అత్త ఏడవలేదు.

వెళ్ళేటప్పుడు కార్యదర్శి గారు బల్ల దగ్గరికి పిలిచి, "అభిప్రాయం రాయండమ్మా" అని పుస్తకం ఇటు తిప్పారు. సూదమ్మ ఆ వెన్ను తడిమి, కుట్టు గుర్తుపట్టి, అత్త వైపు చూసింది.

"రాయి" అంది అత్త. "మనదే."

పదకొండేళ్ళ కిందట తను కుట్టిన ఆ పుస్తకంలో సూదమ్మ తన పేరు రాసింది, రెండు గీతలు దాటేంత పెద్దగా. దాని కింద మా అత్త తన పేరు రాసింది. అభిప్రాయం గడిని ఇద్దరూ ఖాళీగా వదిలేశారు.