గంపకు కూడా వీసా రాలేదు

పత్తికొండ టమోటా మార్కెట్‌లో పెద్దసుబ్బయ్య గొంతు అందరికీ తెలుసు. పొద్దున్నే ఆయన వేలంపాట మొదలుపెడితే, రోడ్డవతల టీ తాగుతున్నవాళ్ళకు కూడా ఆనాటి ధర తెలిసిపోతుంది. సగం జీవితం మండీలోనే గడిచింది. ఆయన మాట మీద రైతు గంప దించుతాడు, వ్యాపారి లారీ నింపుకుంటాడు. ఇంత మాటకారి కూడా ఒకే ఒక్కసారి, నాలుగు ముక్కలు ఆచితూచి మాట్లాడవలసిన చోట, మర్యాదకు పోయి కొంప ముంచుకున్నాడు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, శ్రీదేవి. మొగుడికి న్యూజిలాండ్‌లో ఉద్యోగం దొరికితే కాపురం అక్కడికి మార్చింది. ఆమె కూతురు భువన అంతకుముందు పదో తరగతి దాకా కర్నూలులోనే చదివింది. ఎండాకాలం సెలవులొస్తే చాలు, ఆ పిల్ల పత్తికొండలో మామ ఇంట్లో వాలిపోయేది. మండీలో ఖాళీ గంప కనబడితే అందులో కూర్చునేది. పెద్దసుబ్బయ్య గంపతో సహా ఎత్తి భుజాన పెట్టుకుని, "అమ్మకానికి ఒక పాప! ఎవురన్నా కొంటారా?" అని మార్కెట్ అంతా తిప్పేవాడు. హమాలీలు తలా ఒక ధర అరిచేవాళ్ళు. ఆ పిల్ల ఏ ధరకూ ఒప్పుకునేది కాదు.

"నీ పెండ్లి నాడు గూడా ఇట్లే ఎత్తుకొస్తా చూడు పాపా," అనేవాడు ఆయన.

అది వట్టి ముచ్చట కూడా కాదు. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతురిని వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామే పందిట్లోకి ఎత్తుకు రావాలి. తండ్రి తర్వాత తండ్రంతటి వాడికి దక్కే పని అది. పెద్దసుబ్బయ్యకు పిల్లల్లేరు. భార్య చెన్నమ్మ, తను, ఆ మండీ, ఈ మేనకోడలు. ఆయన దగ్గరున్న ఆస్తిలో ఆయనకు నిజంగా కావలసింది ఆ గంప ఎత్తే హక్కు ఒక్కటే.

కాబట్టి భువనకు సంబంధం కుదిరిందని, అబ్బాయి రాఘవేంద్రప్రసాద్ వాళ్ళదీ మన కమలాపురం వైపేనని, కానీ రెండు కుటుంబాలూ అక్కడే ఉన్నాయి కనుక మాఘమాసంలో పెళ్ళి కూడా అక్కడేనని ఫోను రాగానే, పెద్దసుబ్బయ్య మొదట వెళ్ళింది పాస్‌పోర్టు కోసం కాదు. మేదరి నాగన్న దగ్గరికి.

"ఎంత బరువు మోయల్లప్పా?" అని అడిగాడు నాగన్న.

"మా పాపంత."

"పాపెంతుంటాది?"

ఇది ఆలోచించవలసిన విషయమే. అప్పటికప్పుడే ఫోను చేశాడు. "మామా, ఆడపిల్లను బరువడుగుతారా ఎవరన్నా?" అని భువన నవ్వి పెట్టేసింది. పెద్దసుబ్బయ్య ఫోన్లో ఉన్న ఫొటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. కళ్ళతోనే కాయ తూకం చెప్పగల మనిషి. "ఉల్లిగడ్డ బస్తా కంటే రోంత ఎక్కువే ఉంటాది. నువ్వు గట్టిగా అల్లు," అన్నాడు.

గంప వచ్చింది. అంచులకు ఎర్ర గుడ్డ చుట్టించి, పసుపు రాయించాడు. ఆ మర్నాటి నుంచీ వేలం ముగియగానే అందులో ఉల్లిగడ్డలు పోసుకుని మండీ ఈ చివరి నుంచి ఆ చివరికి మోయడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి బరువులు మోసిన హమాలీలు బీడీలు ముట్టించుకుని, గోడకానుకుని, యజమాని మోస్తుంటే తాము కూర్చుని చూసే ఆ వైభోగాన్ని తనివితీరా అనుభవించారు. "నడుం వంచాకు సామీ! మోకాళ్ళు, మోకాళ్ళు!" అని సలహాలు కూడా ఇచ్చారు.

చెన్నమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. "ఆ నడుం పట్టుకున్నిందంటే పందిట్లోకి నిన్నే గంపలో ఎత్తుకపోవల్ల. ఆ పని నాతో కాదు, ముందే చెప్తాండా."

అంటూనే ఆమె కూడా తన ఏర్పాట్లలో తానుంది. మాఘంలో అక్కడ ఎండాకాలమని తెలియని ఎవరో చలి అని చెబితే కర్నూలు వెళ్ళి ఊలు స్వెట్టర్ కొనుక్కొచ్చుకుంది. పత్తికొండ ఎండలో దాన్ని తొడుక్కుని అద్దంలో చూసుకుని, చెమటలు కక్కుకుంటూ, "బాగుండాదా?" అని మొగుణ్ణి అడిగేది.

వీసా కాగితాలన్నీ మండీలో లెక్కలు రాసే మధులత ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎప్పుడు బయలుదేరేది, ఎప్పుడు తిరిగొచ్చేది, అన్నీ పద్ధతిగా రాసింది. "వాళ్ళు ఫోన్ చేసినా చేస్తారు సార్, జాగర్తగా మాట్లాడండి," అని కూడా చెప్పింది. మాట్లాడటం గురించి తనకు ఒకరు చెప్పడమేమిటని పెద్దసుబ్బయ్య ఆ మాట చెవిన పెట్టలేదు.

వాళ్ళు ఫోన్ చేశారు. మార్కెట్ మంచి సందడి మీదున్నప్పుడే చేశారు. అవతల తెలుగు వచ్చిన ఒకమ్మాయి, ఎంతో మర్యాదగా, వీసా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానంది. పెద్దసుబ్బయ్య ఓ చెవి మూసుకుని, ఉల్లాసంగా గంప మీదే కూర్చున్నాడు.

"ఎన్ని రోజులుంటారు సార్ అక్కడ?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఆయన నొచ్చుకున్నాడు. మన వైపు చుట్టాన్ని ఎప్పుడు పోతావని అడగరు. చుట్టం కూడా ఫలానా రోజు పోతానని అనడు. గడప తొక్కకముందే తిరుగు ప్రయాణం మాట ఎత్తితే, వచ్చింది మొక్కుబడికని అర్థం. సొంత చెల్లెలింటికి పోతూ అంత మాట ఎట్లా అంటాడు?

"అదేం మాటమ్మా! మా చెల్లెలు ఎప్పుడు పంపిస్తే అప్పుడొస్తాం," అన్నాడు.

అవతల కీబోర్డు టకటకలాడింది. "మరి ఇక్కడ మీ వ్యాపారం ఎవరు చూసుకుంటారు సార్?"

"దానికేముందమ్మా! మా మనుషులు శానా నమ్మకస్తులు. నేను ల్యాకపోయినా ఏం ఆగదు. నువ్వు బేఫికరుగా ఉండు."

"అక్కడ మీరేం చేస్తారు?"

"ఏం చేస్తానా? పనంతా నాదే కదమ్మా! మేనమామను, గమ్మున కుర్చీలో కూర్చుంటానా? పందిరి కాడ్నుంచి వడ్డన దాకా అన్నీ నేనే చూసుకోవల్ల." ఇక ఆగలేక, "నువ్వు గూడా రామ్మా పెండ్లికి. మా ఇంటిదాన్నని చెప్పు, ఎవురూ ఏమనరు," అని పిలిచి మరీ ఫోను పెట్టేశాడు. మన మనుషుల్లో మంచి మనిషి ఎవరైనా చెప్పవలసిన మాటలన్నీ చెప్పాడు. పక్కనే రసీదులు రాసుకుంటున్న మధులత పెన్ను అక్కడే ఆగిపోయింది.

వారం తిరక్కుండానే జవాబొచ్చింది, ఇద్దరికీ రాదని. ఇంగ్లీషులో ఉన్న దాన్ని మధులత మెల్లగా తెలుగు చేసి చెప్పింది. మీరు తిరిగి మీ దేశానికి వస్తారన్న నమ్మకం మాకు కలగలేదు.

"నేనా?" అన్నాడు పెద్దసుబ్బయ్య. కర్నూలులో పనుండి చీకటి పడితే, ఎంతమంది ఉండమన్నా ఉండక, ఆఖరి బస్సుకు వేలాడుతూ ఇల్లు చేరే మనిషి. "నేను పత్తికొండ ఇడిసిపెట్టి ఆడ దాక్కుంటానా? ఆడ టమోటా ఎవురు పాడతారు నాతో?"

చెన్నమ్మ స్వెట్టర్‌ను మడిచి బీరువాలో పెట్టి తలుపు దభీమని వేసింది. "పోయేటప్పుడు తిరిగొచ్చే దినం చెప్పరాదు అని మీ అమ్మ నేర్పింది కదా! ఇప్పుడు పోయే పనే ల్యాకుండా చేసుకున్నావు. నాకు ఫోనిచ్చి ఉంటే పెండ్లైన మర్నాడే వస్తామని చెప్పేదాన్ని."

"మా చెల్లెలేమనుకుంటుంది?"

"ఇప్పుడేమనుకుంటాంది?"

వీసాకు మళ్ళీ పెట్టుకుందామంటే ముహూర్తం ఆగదు. చుట్టాల్లో ఇంకెవరికీ రాలేదట. శ్రీదేవి అత్తగారి వైపు ముసలాయనకు కూడా ఇదే జవాబట. అందరమూ మర్యాదస్తులమే కాబోలు అని పెద్దసుబ్బయ్య నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

మనిషి పోకపోతే పోయె, గంపైనా పోనీ అనుకున్నాడు. ఊళ్ళో టాక్సీ తోలే దావీదురాజు కారు మాట్లాడుకుని కర్నూలు కొరియర్ ఆఫీసుకు పోయాడు. ఆడపిల్లకు ఖాళీ గంప పంపకూడదు కాబట్టి అందులో పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి, బియ్యం, బెల్లం, ఇంత కుంకుమ పెట్టి ఎర్ర గుడ్డతో మూట కట్టాడు. కొరియర్ ఆవిడ మూట విప్పి చూసి కంగారు పడింది. ఆ దేశంలో ఇట్లాంటివి దింపుకోవడం చాలా కష్టమండీ, విత్తనం, ఆకు, వెదురు అన్నీ ఆపి చూస్తారు, మేము తీసుకోలేమండీ అంది.

తిరుగు దారిలో గంప వెనక సీట్లో కూర్చుంది. దావీదురాజు చాలాసేపు ఆపుకున్నాడు కానీ చివరికి, "సామీ, గంపకు గూడా వీసా రాలేదే," అన్నాడు. పెద్దసుబ్బయ్య అతని వంక గుర్రుగా చూశాడు. ఆ వెంటనే ఆయనకే నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరూ కారాపుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ పెద్దసుబ్బయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తడి అంతా నవ్వుదే కాదని దావీదురాజుకు తెలుసు.

పెళ్ళికి ముందురోజు శ్రీదేవి ఫోన్ చేసింది. మాట తడబడుతోంది. "అన్నా, ఈడ మన ఆదోని ఆయన ఉండాడు, వెంకటేశ్వర్లని. వరసకు నాకు అన్నే అవుతాడు. గంప ఆయనతో ఎత్తిద్దామంటాండారు. నువ్వేమంటావు?"

అనడానికేముంది? శుభకార్యం ఆపమంటాడా? "ఎత్తనీమ్మా. మెల్లగా ఎత్తమని చెప్పు. మోకాళ్ళు వంచల్ల, నడుం కాదు," అన్నాడు. ఆ పూట సంగటి ముద్ద ముట్టకుండానే లేచాడు. చెన్నమ్మ కూడా తన కంచం పక్కకు జరిపింది.

వాళ్ళ సాయంత్రం ముహూర్తం మనకు పొద్దున వేలం వేళకు వచ్చింది. ఆరోజు పత్తికొండలో ఆ వేళకు టమోటా వేలం ఆగిపోయింది. మధులత వీడియో కాల్ కలిపి ఫోన్‌ను గంపల దొంతి మీద ఆనించి పెట్టింది. చెన్నమ్మ పట్టుచీర కట్టుకుని, పంతానికి ఆ స్వెట్టర్ కూడా వేసుకుని వచ్చి కూర్చుంది. వెనక రైతులు, హమాలీలు, లారీ డ్రైవర్లు.

ఫోన్లో పెద్ద హాలు, పూలు, బాజాలు. వెంకటేశ్వర్లు పంచె ఎగదోపుకుని నిలబడ్డాడు. అతని చేతిలో ఉతికే బట్టలేసుకునే ప్లాస్టిక్ బుట్ట, చుట్టూ జరీ గుడ్డ చుట్టి ఉంది. భువన వచ్చింది. బుట్ట వంక చూసింది. వెంకటేశ్వర్లుకు వంగి దండం పెట్టి, ఏదో చెప్పి, బుట్టను దాటుకుని తన కాళ్ళతో తానే పందిట్లోకి నడిచింది. పురోహితుడు మంత్రం ఆపేశాడు. శ్రీదేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మధ్య దారిలో భువన ఆగి, ఫోన్ పట్టుకున్నవాళ్ళ దగ్గరికొచ్చి, "మామా, ఇనపడుతాందా? నా గంపను అమ్మొద్దు. అట్లే పెట్టు," అంది.

హమాలీలు వేసిన కేక ఆ హాలు దాకా వినిపించిందని తర్వాత శ్రీదేవి చెప్పింది.

మర్నాడు మండీలో మళ్ళీ గంపలో ఉల్లిగడ్డలు పడ్డాయి, పెద్దసుబ్బయ్య మోత మొదలైంది.

శ్రావణమాసంలో, మార్కెట్ టమోటాతో ఎర్రగా నిండిన రోజుల్లో, భువన మొగుడితో వచ్చింది. దావీదురాజే బెంగుళూరు పోయి తీసుకొచ్చాడు. కారు ఇంటికి పోనీయకుండా ఆమె మార్కెట్ గేటు దగ్గరే ఆపించింది. అప్పటికే పెద్దసుబ్బయ్య గంప పట్టుకుని నిలబడి ఉన్నాడు. మండీ ముందు చెన్నమ్మ కొబ్బరాకుల పందిరి వేయించింది. హమాలీలు దారిలో ఉన్న పెట్టెలన్నీ పక్కకు లాగేశారు.

భువన చెప్పులు విడిచి గంపలో కూర్చుంది. పెద్దసుబ్బయ్య మోకాళ్ళు వంచాడు. పైకి లేపబోయాడు. గంప కదల్లేదు. ఫొటోలో చూసిన తూకం తప్పింది, జీవితంలో మొదటిసారి.

"ఆ దేశంలో పాలు శానా మంచియి మామా," అంది భువన సిగ్గుపడుతూ.

హమాలీలు నలుగురు ముందుకొచ్చారు. ఆయన వద్దన్నట్టు తలూపాడు. అప్పుడు చెన్నమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చి గంప అవతలి అంచు పట్టుకుంది. "ఆ పని నాతో కాదని చెప్పిన మాట నిజమే. కానీ వీసా నాకు గూడా రాలేదు కదా. సగం నాది. ఎత్తు."

గంప లేచింది. రాఘవేంద్రప్రసాద్ ఫోన్లో వీడియో తీస్తూ వెనక్కి నడిచి, ఒక టమోటా మీద కాలేసి జారి, లేచి, మళ్ళీ తీశాడు. "అమ్మకానికి ఒక పాప!" అని ఎవరో అరిచారు. తలా ఒక ధర అరిచారు. భువన దేనికీ ఒప్పుకోలేదు.

పందిరి దగ్గరికి వచ్చాక దావీదురాజు, తిరుగు ప్రయాణానికి కారు ఎప్పుడు తేవాలో తెలుసుకుందామని, "ఎన్ని దినాలుంటారమ్మా?" అన్నాడు.

"ఏమప్పా, ఇంటికొచ్చిన బిడ్డను అట్ల అడుగుతారా?" అని కసిరాడు పెద్దసుబ్బయ్య, రొప్పుతూనే.

భువన గంపలోంచి తల పైకెత్తింది. "మా మామ ఎప్పుడు పంపిస్తే అప్పుడు," అంది.

పెద్దసుబ్బయ్య గంప అంచును ఇంకా గట్టిగా బిగించి పట్టుకున్నాడు. "దించు, నా చేతులు పడిపోతాండాయి," అంది చెన్నమ్మ.

"రోంత సేపుండు," అన్నాడు ఆయన. గంప పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.