మూడో గేటు దగ్గర మాసిడోనియా

రెండు వేల ఆరు, జూలై. దమ్మామ్‌లో విమానం దిగి బస్సులో జుబైల్ చేరాను. పదాతిదళంలో పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చిన నాకు అక్కడ సెక్యూరిటీ గార్డు పని. ఒక రసాయనాల ఫ్యాక్టరీని నలభై రోజులు ఆపి మరమ్మతులు చేస్తున్నారు. నాకు మూడో గేటు ఇచ్చారు. ఎడమ పక్క సముద్రం. కుడి పక్క కనుచూపు మేర పైపులు. డ్యూటీ పొద్దున ఐదు నుంచి సాయంత్రం ఐదు. ఏసీ కేబిన్, వాకీటాకీ, పేర్ల జాబితా, బారియర్. ఇదీ నా సరంజామా.

ఆర్డరు ఒక్కటే. మెడలో కార్డు లేనివాడు లోపలికి రాకూడదు.

నాలుగో రోజు ఆరుంబావుకి ఒక వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం. కార్డు మెడలో లేదు, చేతిలో ఉంది.

"దీని మీద నన్ను గ్రీసు దేశస్థుడని రాశారు. నేను గ్రీకుని కాను. మాసిడోనియా వాడిని. ఇది వేసుకోను" అన్నాడు. పాస్‌పోర్టు నకలు చూపించాడు. దాని మీద మాసిడోనియా అనే ఉంది.

కంట్రోల్ రూమ్‌కి చెప్పాను. అక్కడి ఆపరేటరు కాకినాడ వైపు మనిషి.

"ఏం చేయమంటారండీ? కంప్యూటర్లో ఆ దేశం పేరే లేదు. క్లర్కు అట్లాసు వెతికితే మాసిడోనియా గ్రీసులో కనిపించిందంట. అదే కొట్టేశాడు. వేసుకుని వెళ్ళమనండి."

"ఆయన ఏసుకోనంటుండు."

"అయితే బయటే ఉండమనండి."

ఉన్నాడు. బారియర్ అవతల, ఎండలో, సాయంత్రం క్యాంపు బస్సు వచ్చేదాకా.

మర్నాడూ అంతే. మరమ్మతుల ఇంజనీరు తన ఇన్‌స్పెక్టర్ కోసం వెతుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన గ్రీకు. చిక్కు విడిపోతుందనుకున్నాను. ఇంకా బిగిసింది.

"అలెగ్జాండరు కాలం నుంచీ మాసిడోనియా అంటే మా నేల. నేను పుట్టింది అక్కడే" అన్నాడు ఇంజనీరు. "యూగోస్లావియా ముక్కలయ్యాక ఒక ముక్క ఆ పేరు పెట్టుకుంది."

"ఆ ప్రాంతం పెద్దది. మీకొక భాగం, బల్గేరియాకొక భాగం, మాకొక భాగం వచ్చాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా అమ్మమ్మ కూడా తనను తాను ఆ పేరుతోనే చెప్పుకుంది. అది మీ ఒక్కరిదెలా అయింది?"

"ప్రాంతానికి వాడుకో. దేశానికి వద్దు."

"మరి నా దేశాన్ని ఏమనాలి?"

"స్కోప్యే." అది వాళ్ళ రాజధాని పేరట. ఇన్‌స్పెక్టర్ నేల మీద ఉమ్మాడు.

నాకు చిరాకెత్తింది. వీళ్ళిద్దరి మీద, ఆ క్లర్కు మీద, అందరికంటే ఎక్కువ నా మీద. రెజిమెంటులో పదిహేడేళ్ళు నన్ను మద్రాసీ అన్నారు. నాది జగిత్యాల అని మొదటి ఏడాది చెప్పి చూశాను. తర్వాత మానేశాను. మద్రాసీ అంటే పలికాను. ఈయన పలకనంటున్నాడు. ఆ బాధ నాకు తెలుసు. తెలిసీ బారియర్ ఎత్తలేదు.

అతను ఎండలో నిలబడ్డ మూడో రోజు, మధ్యాహ్నం పన్నెండు నలభై. నలభై ఎనిమిది డిగ్రీలు. గాలి లేదు. ఇన్‌స్పెక్టర్ బారియర్ పట్టుకుని మోకాళ్ళ మీదికి జారాడు, తర్వాత పక్కకి ఒరిగాడు.

"కంట్రోల్, మూడో గేటు. మనిషి పడిపోయిండు. లోపటికి తీస్కొస్త."

"కార్డు వేసుకున్నాడాండీ?"

"లే."

"అయితే ఆగండి. సూపర్‌వైజర్ని అడిగి చెప్తాను. మిలటరీలో చేసినోళ్ళు, రూలు మీకు నేను చెప్పాలా?"

ఆగాను. గడియారం చూసుకుంటూ నాలుగు నిమిషాలు ఆగాను. ఆ నాలుగు నిమిషాలు నేను ఏసీలోనే ఉన్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

లోపలి నుంచి ఇంజనీరు పరిగెత్తుకొచ్చి బారియర్ కిందుగా దూరాడు. ఒక్కడే ఎత్తలేకపోయాడు. అప్పుడు నేను వాకీటాకీ బల్ల మీద పడేసి బయటికి నడిచాను. ఇద్దరం కలిసి అతన్ని కేబిన్‌లోకి మోశాం. ఇంజనీరు తన చొక్కా విప్పి తడిపి నుదుటి మీద వేశాడు. తల తన తొడ మీద పెట్టుకుని గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు పట్టాడు.

కాసేపటికి ఇన్‌స్పెక్టర్ కళ్ళు తెరిచాడు.

"చెప్పు. నేను ఎక్కడివాడిని?"

మతి తప్పి అడగలేదు. తెలిసే అడిగాడు.

ఇంజనీరు తల దించుకున్నాడు. "నీళ్ళు తాగు" అన్నాడు.

చొక్కా ఇచ్చాడు, తొడ ఇచ్చాడు, నీళ్ళిచ్చాడు. ఆ ఒక్క మాట ఇవ్వలేకపోయాడు.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్‌ని ఇంటికి పంపించేశారు. కార్డు లేని మనిషిని లోపలికి తెచ్చినందుకు నాకు మెమో వచ్చింది. మరమ్మతులు అయిపోగానే నన్నూ పంపించేశారు. ఆగస్టు ఆఖర్లో జగిత్యాల వచ్చి పడ్డాను. అక్కడ ఏం చూశావని అందరూ అడిగేవారు. ఒక పేరు గురించి ఇద్దరు మంచివాళ్ళు పడ్డ అవస్థ చూశానంటే ఎవరికి అర్థమవుతుంది? ఎండ బాగా ఉందని చెప్పేవాణ్ణి.

ఒక్కటి మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. ఇన్‌స్పెక్టర్‌ని విమానాశ్రయానికి తీసుకెళ్ళే బస్సు పొద్దున ఐదూ పదికి నా గేటు ముందు ఆగింది. లోపల చల్లదనం, బయట ఉక్క. అద్దాలకి బయటివైపు ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి. ఇంజనీరు నడిచొచ్చి అతని కిటికీ దగ్గర నిలబడ్డాడు. తడి అద్దం మీద వేలితో ఒక నిలువు గీత గీశాడు. దాని తలకి ఆనించి ఏటవాలుగా ఇంకో గీత. ఇంగ్లీషు ఎమ్ అక్షరంలో సగం. అక్కడ వేలు ఆగిపోయింది. బస్సు హారన్ కొట్టింది. ఇంజనీరు అరచేత్తో అద్దమంతా తుడిచేశాడు. అవతల ఇన్‌స్పెక్టర్ ముఖం కనిపించింది, చాలా దగ్గరగా, అతన్నే చూస్తూ.