మూడో సిలిండర్ మీద తిలకం చుక్క

2001వ సంవత్సరం, తొలకరి రోజులు. పలాసలో హైవే వారగా నాకు డీజిల్ ఇంజన్ల షెడ్డు ఉండేది. జీపులు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడూ భావనపాడు నుంచి బోటు ఇంజన్లు కూడా వచ్చేవి. చేతిలో పని ఉంది, దానికి తగ్గ పొగరూ ఉంది. శబ్దం వింటే చాలు, జబ్బు చెప్పేస్తానని నలుగురిలో అంటూ తిరిగేవాణ్ణి. ఆ పొగరు దిగిన సంగతి ఇది.

అప్పన్న జలంత్రకోట నుంచి సర్వీసు జీపు తోలేవాడు. నాకు చుట్టమేమీ కాడు, అయినా ఒకర్నొకరం బావా అనుకునేవాళ్లం. రోజూ పొద్దున్నే పన్నెండు మంది ఆడవాళ్లను పలాసలోని జీడిపప్పు ఫ్యాక్టరీకి తెచ్చి, సాయంత్రం తిరిగి తీసుకెళ్లేవాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, వాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే జీపును గుమ్మం దాకా పోనిచ్చి దించే రకం. అలాంటి మనిషి జీపులో, ఇంజన్ పైభాగాన టకటక మొదలైంది.

కవర్ విప్పి చూస్తే రాకర్ ఆర్మ్‌లు అరిగిపోయాయి. రాకర్ ఆర్మ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు, పిల్లలు ఊగే తూగుడుబల్ల లాంటి ఇనప ముక్క. కింది నుంచి పుష్ రాడ్ అనే కడ్డీ ఒక కొసను పైకి తోస్తే, రెండో కొస దిగి వాల్వ్‌ను నొక్కుతుంది. అలా వాల్వ్‌లు తెరుచుకుని మూసుకుంటేనే ఇంజన్‌కు ఊపిరి ఆడేది. కంపెనీ సామాను విశాఖపట్నం నుంచి రావాలంటే నాలుగు రోజులు. అన్ని రోజులు జీపు ఆగితే ఆ ఆడవాళ్లు పనిలోకి ఎలా వెళ్తారు? దగ్గర్లో దొరికిన వేరే రకం సెట్టు తెచ్చి ఆ పూటే బిగించేశాను. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకు, పెట్టి రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య ఎడం సరిచేశాను. స్టార్ట్ చేస్తే టకటక లేదు.

"ఏటి బావా, ఇంజన్ నడుత్తందా, ఆగిపోనాదా?" అని అప్పన్న మురిసిపోయాడు. నేనూ కాలరెగరేశాను.

మర్నాడే జీపు దారిలో ఆగిపోయింది. చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుందట. పది కిలోమీటర్లు వచ్చి వేడెక్కాక ఒక సిలిండర్ మిస్ కొట్టి, బలం చచ్చి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ నడుస్తుంది. ఆడవాళ్లు ఫ్యాక్టరీకి గంట ఆలస్యంగా చేరారు. డీజిల్‌లో నీళ్లున్నాయని చెప్పి ఫిల్టర్ మార్చాను. రెండో రోజూ అదే తంతు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. మనసులో ఓ మూల కొత్త రాకర్ల మీద అనుమానం పీకుతూనే ఉంది. కానీ పెట్టింది నేను కదా!

"నీ తోలుడు అలగుంది మరి. ఇంజన్‌ని ఏడిపించి సంపుతావు" అని నెపం అతని మీదికే నెట్టేశాను.

మూడో రోజు సాయంత్రం ఫ్యాక్టరీ వదలగానే జీపు నేరుగా నా షెడ్డు ముందు ఆగింది. అప్పన్నతో పాటు పన్నెండు మందీ బిలబిలమని దిగారు. వాళ్లలో పెద్దావిడ గౌరమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, మూడు దినాలు లేటయిపోనాం. రేపు కూడా లేటయితే మా పీటల మీద వేరేవోల్లని కూకోబెడతాడట మేనేజరు. నువ్వేమో ఈడి తోలుడు బాగోనేదంటావు, ఈడేమో నీ పని బాగోనేదంటాడు. ఎవుడి తప్పయితే మాకేటి? రేపు గేటు ముయ్యకముందు మమ్మల్ని సేర్చండి."

పీట అంటే జీడిపప్పుకు పొట్టు తీసేవాళ్లు కూర్చునే చోటు. అది పోయిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. అప్పన్న తల ఎత్తలేదు. మూడు రోజులుగా అందరి తిట్లూ అతనే తింటున్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"అప్పన్న తప్పు నేదమ్మా, డీజిల్ తప్పూ నేదు" అన్నాను. "నాను ఎట్టిన కొత్త సామాను మీదే నాకు అనుమానం. మొదటి దినం నుంచీ ఉంది. సెప్పనేదు."

"మరి నా తోలుడన్నావు కదా బావా?" అన్నాడు అప్పన్న. కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా అడిగాడు.

"అన్నాను. తప్పయిపోనాది."

కవర్ విప్పాను. రాకర్ ముక్కు వాల్వ్‌ను సరిగ్గా నడినెత్తిన నొక్కాలి. ఎక్కడ నొక్కుతోందో తెలియాలంటే వాల్వ్ నెత్తిన రంగు పూసి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, గుర్తు చూడాలి. రంగు కోసం షెడ్డంతా వెతుకుతుంటే ఒకమ్మాయి రొంటిన ఉన్న చిన్న సంచిలోంచి తిలకం సీసా తీసి, "ఇది పనికొత్తదేటి?" అంది. ఎందుకు పనికిరాదు! రాకర్లు విప్పి ఒక్కో వాల్వ్ మీద ఒక్కో చుక్క పెట్టి, మళ్లీ బిగించి ఇంజన్ నెమ్మదిగా తిప్పి, రాకర్లు ఊడదీశాను. మూడో సిలిండర్ దగ్గర దొరికింది దొంగ. వాల్వ్ నడినెత్తిన తిలకం చెక్కుచెదరలేదు, ఓ అంచున మాత్రం చెరిగింది. కొత్త రాకర్ ముక్కు కొలతలో తేడా ఉంది. అది అంచున నొక్కుతూ వాల్వ్‌ను పక్కకు నెడుతోంది. ఇంజన్ వేడెక్కగానే వాల్వ్ తాను జారే గొట్టంలోనే పట్టేస్తోంది.

గౌరమ్మ వంగి చూసింది. "అంటే బొట్టు నుదుటి నడిమిన ఎట్టకుండా పక్కకి ఎట్టీసినావన్నమాట!"

ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ మాట కన్నా బాగా నేనింతవరకూ ఎవరికీ వివరించలేకపోయాను.

పాత రాకర్లు ఇనప తుక్కు డ్రమ్ములో ఉన్నాయి, నా అదృష్టం. వాటి ముక్కులు సానరాయి మీద గుండ్రం పోకుండా నున్నగా రుద్ది, తిరిగి బిగించి, మళ్లీ తిలకం పెట్టి చూశాను. ఈసారి నడిమధ్యనే చెరిగింది. స్టార్ట్ చేస్తే కొంచెం టకటక వచ్చింది. అప్పన్న మొహం మాడిపోయింది.

"మల్లా ఆ సప్పుడేటి బావా?"

"రేపే కబురెట్టి కంపెనీ సామాను తెప్పిత్తాను, అది వచ్చీదాకా ఓర్సుకో బావా."

"ఉండనీరా అప్పన్నా!" అని గౌరమ్మ కసిరింది. "ఆ సప్పుడు ఇనే కదా అంబలి తాగీసి రోడ్డెక్కీవోల్లం. నీ జీపు మూగదయిపోనాక, వచ్చిందో నేదో తెలక సచ్చినాం."

వేడెక్కితే గానీ అసలు సంగతి తెలియదు కనుక వాళ్లతో నేనూ జీపెక్కాను. "ఆగిపోతే నువ్వే తొయ్యాల మేస్త్రీ" అని దారంతా ఏడిపించారు. నా చెవులు మూడో సిలిండర్ దగ్గరే ఉన్నాయి. జలంత్రకోట చేరేదాకా ఒక్కసారి కూడా మిస్ కొట్టలేదు. అప్పన్న నన్ను ఇంట్లోకి లాక్కెళ్లి అన్నం పెట్టించాడు. తోలుడు మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం జీపు నా షెడ్డు ముందు నెమ్మదించింది. గౌరమ్మ తల బయటపెట్టి, "మా పీటలు మావేనోయ్ మేస్త్రీ!" అని కేకేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయంటే నాకేం నామోషీ లేదు.

వేరే రకం రాకర్లు వేసినప్పుడల్లా ఇప్పుడు రంగు పూసి గుర్తు చూడందే కవర్ మూయను. టూల్ బాక్సులో తిలకం సీసా చూసి మా ఆవిడ ఎవరిదని నిలదీసిన గొడవ వేరే. చేతికి అబ్బిన పాఠం అది. మనసుకు అబ్బినది ఇంకొకటి. పాత రాకర్లు తిరిగి బిగించడానికి నాకు రెండు గంటలు కూడా పట్టలేదు. అనుమానం నా పని మీదేనని చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆలస్యానికి మాటలు పడింది నేను కాదు, వాళ్లు.