మేనేజరు తురాయి మీద మచ్చలు

ఆయన అక్షరాల మనిషి. నలభై ఏళ్లుగా దుకాణాల నెత్తిన పేర్లు రాసి బతికాడు. మిషన్లు ప్లాస్టిక్ షీట్ల మీద బోర్డులు అచ్చువేయడం మొదలయ్యాక పని సగానికి సగం పడిపోయింది గాని, వీధిలో ఇప్పటికీ అందరూ ఆర్టిస్టుగారనే పిలుస్తారు. గొప్ప కళాకారుడని చెప్పలేం. గీసిన మనుషులందరూ ఒకే తల్లి బిడ్డల్లా ఉండేవారు. రంగు విషయంలో మాత్రం ఆయన కన్ను తప్పు చెప్పేది కాదు, ఒక్కసారి తప్ప.

ఆయనకొక జబ్బుండేది. భార్య దాన్ని జబ్బనే అనేది. ఎక్కడ రంగుచుక్క పడినా గీకి తీసేదాకా అన్నం సహించదు. కుర్చీ చేతులు, గచ్చు, కిటికీ అద్దాలు, చివరికి ఆవిడ గాజులు కూడా ఆయన గోటికో, టర్పెంటాయిల్లో ముంచిన గుడ్డకో దొరికిపోయేవి.

మేనేజరు ఆ ఇంటికి నమూనాగా వచ్చింది. మూడేళ్ల క్రితం ఒక కోడిమాంసం దుకాణదారు బోర్డు మీద పుంజు బొమ్మ కావాలని, చూసి గీయడానికి కాళ్లు కట్టిన పుంజుపిల్లను ఆయన పనిచేసే షెడ్డులో దింపిపోయాడు. బొమ్మ నాలుగు రోజుల్లో పూర్తయింది. పుంజును మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేకపోయాడు.

"నాలుగు రోజులు దాని మొహంలో మొహం పెట్టి చూశానోయ్. ఇప్పుడు ఎట్లా పంపను?" అన్నాడు భార్యతో.

ఆవిడ గుప్పెడు నూకలు తెచ్చి దాని ముందు పోసింది. నాటి నుంచి అది రంగు డబ్బాల నడుమ ఛాతీ విరుచుకు తిరుగుతూ, పనిచేస్తున్న మనిషి వెనక నిలబడి మెడ వంచి తనిఖీ చేసేది. అందుకే మేనేజరయింది.

వానలు వెలిసిన వారంలో ఒక ఉదయం దాని తురాయి మీద మూడు చుక్కలు కనిపించాయి. ముదురు గోధుమ రంగు. ఆ వారమంతా ఆయన ఒక బడి గేటుకు వేస్తున్నదీ అదే రంగు. ఇంకేం, పడనే పడిందనుకున్నాడు. పుంజును చంకలో ఇరికించుకుని గుడ్డతో రుద్దాడు. పోకపోతే గోటితో గీకాడు. అది గొంతు చించుకుని అరిచింది. గోటికి రంగు రాలేదు, నెత్తురొచ్చింది.

"ఏమైందండీ?" భార్య వంటింట్లోంచి కేకేసింది.

"ఏం లేదు. షెడ్డులో ఏదో మేకు గీరుకున్నట్టుంది."

ఆరో రోజుకు గీకినచోటల్లా పొక్కులు గుంపుగా లేచాయి. కనురెప్పల మీదా లేచి రెండు కళ్లనూ మూసేశాయి. మేనేజరు నూకల పళ్లెం ముందు నిలబడేది గాని ముక్కు దించేది కాదు. కోడి కంటితో చూసే తింటుంది. చూపు లేకపోతే ఎదురుగా అన్నమున్నా దానికి ఆకలే మిగులుతుంది.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. రెక్కలెత్తి ఈకల మొదళ్లు చూసి, "పేలు లేవు" అంది. కాళ్ల పొలుసులు చూసి, "గజ్జి కాదు" అంది. నోరు తెరిపించి టార్చి వేసి చూసింది.

"లోపల పసుపు పొర లేదు, అదృష్టం. ఉంటే ఊపిరాడేది కాదు. ఇది కోళ్ల మశూచి. దోమల వల్ల వస్తుంది."

"మందు?" అంది భార్య.

"రోగాన్ని చంపే మందు లేదమ్మా. పక్కులు వాటంతటవే ఎండి రాలాలి. ఈలోగా చీము పట్టకూడదు, తిండి ఆగకూడదు. ఆగిందా, దక్కదు." తురాయిని వేలితో వంచి చూపించింది. "మిగతాచోట్ల ఒక్కో పొక్కు విడిగా ఉంది. ఇక్కడ చూడండి, గీత గీసినట్టు లేచాయి. ఎవరో గీకారు. పచ్చి చర్మం మీద ఇట్టే పాకుతుంది. ఎవరది?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయన చేయి జేబులోని గుడ్డ మీదికి పోయింది.

"మేకు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "నేనేనమ్మా. రంగనుకున్నా."

"రంగా?"

"గేటుకి వేసిన గోధుమ రంగు. అచ్చం అదే."

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనట," అంది భార్య. "ఈయనకి లోకమంతా పెయింటే, డాక్టరమ్మా."

ఆవిడ అంతటితో ఆపింది. ఇంటికి వచ్చే బస్సులో పుంజు బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నెమ్మదిగా అంది: "ఆ మేకు ఎక్కడుందోనని షెడ్డంతా రెండు రోజులు వెతికానండీ. సుత్తితో కొట్టి వంచేద్దామని."

తిట్టినా బాగుండేదనుకున్నాడు ఆయన.

మర్నాటి నుంచి వైద్యం ఆయన చేతుల్లోకి వచ్చింది. బుట్టకు దోమతెర కట్టాడు. మరిగించిన నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయ్యాక దూదితో రెప్పల మీద అద్దేవాడు. రెప్పల అంచుకు దూది మొద్దుగా తగులుతోందని కొత్త సన్నకుంచె తీశాడు. డాక్టరమ్మ ఇచ్చిన అయోడిన్ మందును పలచన చేసి, కంటికి తగలకుండా ఒక్కో పక్కు మీదా అద్దేవాడు. భార్య మెత్తటి ముద్దలు చేసి ముక్కు తెరిచి తినిపించేది. ఎండిన పక్కు అంచు లేచి కనిపిస్తే ఆయన వేళ్లు ఆగేవి కావు.

"చేతులు!" అనేది ఆవిడ, తల ఎత్తకుండానే.

చేతులు వెనక్కి కట్టుకునేవాడు. కంటికి అలవాటైనదే కనబడుతుంది. కనబడినదాని పేరు తనకు తెలియదని ఒప్పుకుని ఊరుకోవడం ఆయన అరవై దాటాక నేర్చుకున్న విద్య. అది కూడా పూర్తిగా వచ్చిందని అనలేం.

రెండు వారాలకు కుడికన్ను తెరుచుకుంది, దాని మీద పాలమీగడలాంటి పొరతో. ఆ కన్ను ఇక పనికిరాదంది డాక్టరమ్మ. ఇక ఉన్నది ఎడమకన్ను. పందొమ్మిదో రోజు పొద్దున దాని మీది పక్కు తనంతట తనే ఊడి బుట్టలో పడింది.

మేనేజరును గచ్చు మీదికి దింపారు. భార్య దాని ఎడమపక్క ఒక్క నూకగింజ వేసింది. అది మెడ వంచి చూసి పొడిచింది. అంగుళం తప్పింది. మళ్లీ పొడిచింది. గచ్చు టక్కుమంది.

ఆయన గింజను ముక్కు కిందికి జరపబోయాడు. ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఉండండి."

మూడోసారి గింజ ముక్కున చిక్కింది.

"కనిపించే తిందంటారా? తగిలి తిందంటారా?"

ఆయన ఆ మచ్చల తురాయినీ, నీరుకారుతున్న చిన్న కంటినీ చూశాడు.

"నాకు తెలీదే. ఈసారి కాస్త దూరంగా వెయ్యి," అన్నాడు.

ఆవిడ గుమ్మం దగ్గర వేసింది. మేనేజరు తల పక్కకు తిప్పి, ఒక కాలు ఎత్తి కాసేపు ఆలోచించి, అటు నడిచింది.