తెలీబంధా దాకా చెంబుతో

వడపప్పులో క్యారెట్టు కోరు కలపడం ఎవరు మొదలుపెట్టారో నాకు తెలీదు. మొన్న నవమి పందిట్లో దొన్నెలో పెట్టి ఇచ్చారు. ఎర్రెర్రగా, పెళ్ళికి ముస్తాబై వచ్చినట్టు ఉంది. వడపప్పు అంటే నానబెట్టిన పెసరపప్పు, కాస్త ఉప్పు, ఉంటే ఇంత కొబ్బరి. అందులో మనిషి చెయ్యాల్సిందేమీ లేదు. పప్పు నీళ్ళలో పడ్డాక దాని పని అది చూసుకుంటుంది. వంట చేతకానివాళ్ళకి కూడా దేవుడి సేవలో ఓ చోటుండాలని పెద్దలు దాన్ని కనిపెట్టి ఉంటారని నా అనుమానం. ఒక ఏడాది రాయపూర్‌లో మా అక్కకి ఆ పని అప్పజెప్పారు.

స్వరాజ్యం వచ్చిన కొత్త. నేను విజయనగరంలో బి.ఏ. అయిందనిపించుకుని, రాయపూర్ రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కా బావల క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. బావ గూడ్సు గార్డు. వారంలో సగం బండి వెనక పెట్టెలోనూ, మిగతా సగం నిద్రలోనూ గడిపేవాడు. మా అమ్మ లెక్కలో పార్వతీపురం దాటితే పరదేశమే. ఆ పరదేశంలో మేం బజార్లో హిందీ, పాలవాడితో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో అన్నీ కలిపి మాట్లాడుకుంటూ బతికేవాళ్ళం. కాలనీలో తెలుగువాళ్ళందరూ ఏటా శ్రీరామనవమికి పందిరి వేసేవారు. పందిరి ఎవరు వేసినా, హరికథ ఎవరు చెప్పినా, పులిహోర మాత్రం అక్కది. ముందురోజు నుంచే ఆడవాళ్ళు వచ్చి, “చింతపండు ఎంత నానబెట్టమంటావు?” అని అడిగి వెళ్ళేవారు. అక్కకి ఆ ఊళ్ళో ఉన్న హోదా అంతా ఆ పులిహోర గంగాళంలోనే ఉండేది.

ఇక నా సంగతి. కాలేజీలో దూరపు పరుగులో కప్పు గెలిచానని ఆఫీసులో నోరు జారాను. గెలిచిన మాట నిజమే. నాతో పరిగెత్తినవాళ్ళు ఇద్దరు, వాళ్ళలో ఒకడికి జ్వరం. ఆ వివరాలు ఎవరూ అడగలేదు గనక నేనూ చెప్పలేదు. హెడ్ క్లర్కు సంతోషించి రైల్వే ఆటలపోటీలకి నా పేరు ఇచ్చేశాడు. స్టేషన్ దగ్గర బయల్దేరి, తెలీబంధా చెరువు దాటి, అభన్‌పూర్ రోడ్డు మీద కొన్ని మైళ్ళు పోయి వెనక్కి రావాలి. పందెం నవమికి వారం ముందు.

పరిగెత్తడం కష్టం కాదు, పరిగెడుతూ కనపడటం కష్టం. మొదటిరోజు తెల్లవారుతూనే నిక్కరు తొడుక్కుని గుమ్మం దిగేసరికి బావ డ్యూటీ నుంచి వస్తున్నాడు. చేతిలో లాంతరు పైకెత్తి నా మోకాళ్ళు తీరిగ్గా చూశాడు.

“ఏం, పంచెలన్నీ ధోబీ పట్టుకుపోయాడా?”

“పరుగు ప్రాక్టీసు, బావా.”

“ఎవరు తరుముతున్నారు?”

“ఎవరూ తరమటం లేదు.”

“ఎవరూ తరమకుండా పరిగెత్తేవాణ్ణి మా ఊళ్ళో అయితే స్తంభానికి కట్టేస్తారు. నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఈ వేషం వద్దు. నలుగురూ నన్నడుగుతారు.”

అతను లోపలికెళ్ళి పడుకున్నాడు. నేను మళ్ళీ పంచె కట్టుకుని, ఏం చెయ్యాలా అని పెరట్లో నిలబడ్డాను. గోడవార ఇత్తడి చెంబు బోర్లించి ఉంది.

క్వార్టర్లలో మరుగుదొడ్లున్నా, మగవాళ్ళలో చాలామంది ఉదయాన్నే పట్టాలు దాటి బయటికే వెళ్ళేవారు. చెంబు పట్టుకుని వెళ్ళేవాణ్ణి ఎవరూ పలకరించకూడదు. ఎదురుపడితే చూపు తిప్పుకోవాలి. ఈ మర్యాద మన జిల్లాల్లోనూ ఉంది, అక్కడా ఉంది. దేశమంతా ఒప్పుకున్న ధర్మం అదొక్కటేనేమో. చెంబు చేతిలో ఉంటే మనిషి నడిచినా పరిగెత్తినా కారణం అడిగే నాథుడు ఉండడు. నా బి.ఏ. చదువు నాకు పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే అని ఆ రోజు అనుకున్నాను.

ఆ రోజు నుంచీ పంచె ఎగ్గట్టి, చెంబు పట్టుకుని తెలీబంధా దాకా పరుగు. నీళ్ళు పోస్తే తొణుకుతాయని చెంబు ఖాళీగానే తీసుకెళ్ళేవాణ్ణి. లోపలికి తొంగి చూసేవాళ్ళెవరు? కాలనీ పెద్దలు నన్ను చూసి గౌరవంగా గోడవైపు తిరిగేవారు. ఊరు దాటాక మాత్రం ధమ్‌తరీ వెళ్ళే చిన్న రైలుబండి అప్పుడప్పుడు నా పక్కనుంచి పోయేది. దాని వేగం కూడా ఇంచుమించు నా వేగమే. కాబట్టి ప్రయాణికులకి నన్ను పరిశీలించడానికి కావలసినంత సమయం. ఒకాయన కిటికీలోంచి జాలిగా, “అరే భయ్యా, ఖేత్ తో పీఛే రహ్ గయా,” అన్నాడు. పొలాలు వెనకే ఉండిపోయాయి గదా అని. నేను తల వంచుకుని ఇంకాస్త వేగం పెంచాను. ఆ విధంగా నా ప్రాక్టీసుకి ఆయన సాయం కూడా ఉంది.

కాలనీ ఏమనుకుంటోందో నేను ఆలోచించలేదు. రోజూ పొద్దున్నే చెంబుతో అంత ఆత్రంగా పరిగెత్తి, పొద్దెక్కాక గాని తిరిగిరాని మనిషిని చూసి ఏమనుకుంటారు? గ్రహణి, అంటే తెగని విరేచనాల జబ్బు, అనుకున్నారు. పెళ్ళికాని కుర్రాడు, అక్క ఇంట్లో తింటున్నాడు. ఆ రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందో లెక్కకట్టడానికి బి.ఏ. అక్కర్లేదు.

నవమికి పక్షం ఉందనగా లోకో ఫోర్‌మన్‌గారి భార్య మా ఇంటికొచ్చారు. పందిరి పనులన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగేవి. కాలనీ అందరికీ ఆవిడ పిన్నిగారే. నేను వసారాలో పేపరు చదువుతున్నాను.

“ఈ ఏడు నువ్వు పులిహోరకి శ్రమపడకమ్మా,” అన్నారు.

“శ్రమేముంది పిన్నిగారూ, ఏటా చేసేదేగా,” అంది అక్క.

“అదే. ఏటా నువ్వే చెయ్యడం దేనికి? స్టోర్‌కీపరుగారి కోడలు చేస్తానంటోంది. నువ్వు వడపప్పు చూసుకో.”

“అలాగేనండి,” అంది అక్క.

ఆవిడ లేచి వెళ్తూ నావైపు చూసి, గొంతు తగ్గించి, “మజ్జిగ పుచ్చుకుంటున్నావా నాయనా?” అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాను. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట పప్పు రెండుసార్లు ఉడికించినంత మెత్తగా వడ్డించింది.

మర్నాడు సాయంత్రం నిజం చెప్పేద్దామని పిన్నిగారింటికి వెళ్ళాను. దారిలో వాక్యం కూడా కూర్చుకున్నాను. నన్ను చూడగానే ఆవిడ, “వస్తావనే అనుకున్నాను,” అని లోపలికెళ్ళి, దానిమ్మ తొక్క పొడి కలిపిన మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టారు.

“పిన్నిగారూ, మీతో ఒక మాట...”

“ముందు తాగు. మాటలకేం.”

తాగాను. నోరంతా వగరు.

“మా అక్క వంట బాగుంటుందండీ,” అన్నాను.

“నువ్వలాగే అంటావు. అది నీ మంచితనం. ఇంతకాలం ఒక్కనాడైనా పైకి చెప్పుకున్నావా? మా అబ్బాయిలైతే వీధికెక్కేవారు.”

మంచివాడన్నాక ఇంక నేనేం చెప్పను? అసలు చెప్పడానికి ఉన్న మాట చాలా చిన్నది. రోగం కాదండీ, పరుగు ప్రాక్టీసు. అంతే. కానీ పెళ్ళీడుకొచ్చిన పట్టభద్రుడు ఏ కారణమూ లేకుండా, ఖాళీ చెంబు పట్టుకుని, చెరువుదాకా పరిగెడతాడని ఆవిడ ముఖం చూస్తూ అనాలంటే నాలుక తిరగలేదు. రోగమే కాస్త పరువుగా అనిపించింది. గ్లాసు కడిగి ఇచ్చి వచ్చేశాను. పందెంలో పరిగెడితే అందరికీ దానంతట అదే తెలుస్తుందిలే, నేను చెప్పక్కర్లేదు అని సర్దుకున్నాను. మర్నాడు కూడా చెంబుతోనే వెళ్ళాను.

పందెం రోజు కాలనీ అంతా రోడ్డుకి అటూ ఇటూ చేరింది. అందరి ముందూ నిక్కరుతో నిలబడ్డాను. మోకాళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. బావకి ఆ రోజు సెలవు. గుంపులో వెనక నిలబడి ఆకాశం చూస్తున్నాడు. పరుగు మొదలయ్యాక నా కుడిచెయ్యి ఊగడం లేదని గమనించాను. అన్నాళ్ళు చెంబు మోసిన అలవాటుకి వేళ్ళు ముడుచుకుని, ఒళ్ళు ఓపక్కకి ఒరిగి, కనపడని చెంబు పట్టుకునే అభన్‌పూర్ రోడ్డు మీద పోయి వచ్చాను. అయినా రెండోవాణ్ణి అయ్యాను. బహుమతి మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు.

జనం చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఎవరో ఒకరు, “ఓహో, అందుకా రోజూ పరిగెత్తేవాడు,” అంటారని చూశాను. పిన్నిగారు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి నా భుజం తట్టి అందరూ వినేలా అన్నారు:

“చూశారా దానిమ్మ తొక్క మహిమ. వారం కిందట ఈ పిల్లాడు నిలబడలేకపోయేవాడు.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలూపారు. అక్క కూడా అక్కడే ఉంది. నేను నోరు తెరిచాను. ఆయాసం వల్ల అనుకున్నారు, ఎవరో మంచినీళ్ళిచ్చారు. తాగేశాను.

నవమినాడు పందిట్లో స్టోర్‌కీపరుగారి కోడలు పులిహోర వడ్డించింది. పసుపు ఎక్కువైంది, పులుపు ఎక్కడో ఉంది గాని చేతికి చిక్కలేదు. తిన్నవాళ్ళు బాగుందన్నారు. బావ పెట్టినంతా తిని, ఆకు మడిచి లేచాడు. అక్క ముందురాత్రి నానబోసిన పెసరపప్పు నా టిఫిన్ క్యారియరులో పట్టుకొచ్చి, వరసలో చివర నిలబడి తలా పిడికెడు పెట్టింది. “వడపప్పు భలే కుదిరింది సుమా,” అన్నారు పిన్నిగారు, నిజంగానే ప్రేమతో. అక్క నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను పానకం బిందె దగ్గరికి పోయాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని అక్క క్యారియరు గిన్నెలు తోముతోంది. పక్కనే గోడవార చెంబు బోర్లించి ఉంది. నేను వెళ్ళి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. దానిమ్మ మజ్జిగనాడు పిన్నిగారి కోసం కూర్చుకున్న వాక్యమే అక్కకి చెప్పాను. రోగం లేదు, ఎప్పుడూ లేదు, పందెం కోసమే అదంతా, చెంబు ఊరికే అడ్డం అని. చెప్తూంటే నాకే నమ్మశక్యంగా లేదు.

అక్క తోమడం ఆపలేదు. మూడో గిన్నె కూడా కడిగి, బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

“ఆ చెంబు రోజూ పొడిగా వెళ్ళి పొడిగా వచ్చేదిరా. నాకు మొదటిరోజే తెలుసు. నీ నోరు ఎప్పుడు పెగులుతుందా అని చూశాను.”