గ్రూపులో చేరిన ఇద్దరు కొత్తవాళ్లు

కొత్త జిల్లాలు ఏర్పడిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం మధ్యలో నన్ను కరీంనగర్ నుంచి భైంసాకు పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకురాలిగా బదిలీ చేశారు. సహాయ సంచాలకులంటే డివిజన్‌లోని పశువైద్యశాలలన్నిటికీ బాధ్యులు. మండలాల్లోని డాక్టర్లు మాకు రిపోర్టు పంపుతారు, మేము జిల్లా అధికారికి పంపుతాం. స్టెతస్కోపు కన్నా ఫోనూ ఫైళ్లూ ఎక్కువసేపు చేతిలో ఉండే ఉద్యోగం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను కాబట్టి ఇక కొత్త పని నేర్చుకునే అవసరం రాదనుకున్నాను. ఛార్జి తీసుకున్న కొద్దిరోజులకే ఆ ధీమా పోయింది.

ఆ కాలంలో పశువులకు ముద్దచర్మ వ్యాధి సోకుతోంది. ఒంటినిండా గడ్డలు లేస్తాయి, జ్వరం వస్తుంది, మేత మానేస్తాయి. ఈగలూ దోమలూ ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటిస్తాయి. భైంసా మహారాష్ట్ర సరిహద్దు పక్కనే ఉండడంతో అటు పశువులు ఇటు, ఇటు పశువులు అటు తిరుగుతూనే ఉంటాయి. పశువుల అంగడి మూసేయించినా రాకపోకలు ఆగలేదు. ఈ జబ్బుకు టీకా వేసే పద్ధతి వేరు. జబ్బు కనపడిన ఊరిని వదిలి దాని చుట్టూ ఉన్న ఊళ్లలో ముందు వేస్తాం, బయటి నుంచి లోపలికి వస్తాం. అందువల్ల రేపు ఏ ఊరు అన్నది ఇవాళ సాయంత్రానికి మారిపోవచ్చు. ఆ మార్పు రైతులకు వెంటనే తెలియాలని జిల్లా అధికారి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టించారు. లింకు నొక్కిన ఎవరైనా అందులో చేరవచ్చు. పాలకేంద్రాల దగ్గరా పంచాయతీ గోడల మీదా ఆ లింకు అతికించారు. గ్రూపును చూసుకునే బాధ్యత నా మీదా, జూనియర్ వెటర్నరీ ఆఫీసర్ యూసుఫ్ మీదా పడింది.

యూసుఫ్‌ది భైంసాలోనే పుట్టి పెరిగిన కుటుంబం. ఇంట్లో ఉర్దూ, రైతులతో తెలుగు, అంగట్లో మరాఠీ మాట్లాడతాడు. ఫోన్ విషయంలో నాకన్నా చురుకు.

రైతుల వెనకే స్పామర్లు కూడా వచ్చారు. అడగని సరుకును అందరి ఫోన్లలోకీ తోసేవాళ్లకు ఆ పేరని యూసుఫే నాకు చెప్పాడు. పాలు రెట్టింపు చేసే పొడి అనీ, ఇంట్లో కూర్చుని సంపాదన అనీ మెసేజీలు పెట్టేవాళ్లు. అది చికాకుతో పోయేదైతే పట్టించుకునేవాళ్లం కాదు. ఒకసారి ఎవరో మా టీకా షెడ్యూలు కిందనే తమ పొడి నంబరు తగిలించి మళ్లీ పంపారు. అది మా శాఖ మందేననుకుని జనం కొన్నారు. మందు తినిపించాం కదా, ఇక టీకా ఎందుకని కొందరు పశువులను తోలుకురాలేదు. జిల్లా అధికారి నాకు ఫోన్ చేసి, అలాంటివాళ్లను చేరిన రోజే గుర్తుపట్టి తీసేయమన్నారు.

చేరిన రోజే ఎలా గుర్తుపట్టాలి? అక్కడే నా తికమక మొదలైంది. మనిషి ముఖం లేకుండా సింహం బొమ్మో పువ్వు బొమ్మో ఉంటే అనుమానించాలన్నాడు యూసుఫ్. మా రైతుల్లో సగం మందికి దేవుడి బొమ్మ గానీ ట్రాక్టర్ బొమ్మ గానీ ఉంది. వేరే రాష్ట్రం నంబరైతే అనుమానించాలన్నాడు. సరిహద్దు ఊళ్లలో చాలామందివి అటువైపు కొన్న సిమ్ములే. చేరగానే లింకు పెట్టేవాణ్ణి పట్టుకోవడం తేలికే కానీ, తెలివైనవాడు నాలుగు రోజులు నమస్తే అంటూ కూర్చుని అప్పుడు పెడతాడు.

చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. కొత్తగా చేరిన ప్రతివారినీ ఒక ప్రశ్న అడుగుదాం: మీ ఆవుకు పై దవడ ముందు భాగంలో పళ్లెన్ని? ఆవులకు అక్కడ పళ్లుండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. పశువులను సాకేవాళ్లకు ఇది తెలియకుండా ఉండదని నా ధీమా.

జవాబులు రావడం మొదలయ్యాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏళ్ల తరబడి పాలు పిండుతున్నవాళ్లు ఎనిమిదని రాశారు. ఒకాయన, "నోట్లె చెయ్యి పెడ్తె కరుస్తది, మీరే వచ్చి లెక్కవెట్టుకోండ్రి" అని వాయిస్ మెసేజీ పంపాడు. సరైన జవాబు అచ్చు పుస్తకం భాషలో ముందుగా పంపినవాడు మర్నాడు పొడి లింకు పెట్టాడు. అయితే సరిగ్గా చెప్పినవాళ్లనే అనుమానించాలా అని యూసుఫ్ అడిగాడు.  అలా చేస్తే, సరిగ్గా చెప్పిన పాలకేంద్రం అధ్యక్షుణ్ణి కూడా తీసేయాల్సి వచ్చేది. ఆ ప్రశ్నను మానేశాం.

ఆ రోజుల్లోనే ఇద్దరు కొత్తవాళ్లు చేరారు.

మొదటి నంబరు పేరు "సూపర్ ఆఫర్ సగం ధర". ముఖం ఉండాల్సిన చోట ఎర్ర అక్షరాల బోర్డు. అటువైపు నంబరే. ఏం అడిగినా జవాబు లేదు. రోజూ పొద్దున ఒకే పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ పంపి ఊరుకునేది. రెండో అతని పేరు పశుసేవక్ దిగంబర్. ఫోటోలో ఆవు పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరు ఏది అడిగినా ఓపికగా చెప్పేవాడు. జబ్బు పశువును వేరే కట్టేయండి, వేపాకు పొగ పెట్టండి, ముద్దలు పగిలితే ఉప్పునీళ్లతో కడగండి అని చెప్పేవాడు. అందులో తప్పులేదు. ఒక్క లింకు పెట్టలేదు. మీకు పని తప్పుతుంది, అతన్ని కూడా అడ్మిన్ చేయండని సభ్యులే అడగసాగారు. నాకూ అభ్యంతరం కనపడలేదు.

పువ్వు నంబరును తీసేద్దామని యూసుఫ్ పట్టుబట్టాడు. "మేడం, ఆఫర్ అని పేరు వెట్టుకున్నోడు ఎడ్లు కాస్తడా? పక్కా స్పామరే. ఇయ్యాల పువ్వు పంపుతుండు, రేపు లింకు పంపుతడు."

గుర్తులన్నీ అతను చెప్పినట్టే ఉన్నాయి. కానీ పళ్ల ప్రశ్న దెబ్బ తిన్న తర్వాత గుర్తుల మీద నాకు నమ్మకం సడలింది. తీసేసే ముందు ఒకసారి ఫోన్ చేయమన్నాను. అతను స్పీకర్ పెట్టి చేశాడు. ఎత్తింది ఒక ముసలావిడ. పేరు అనుసాబాయి అనీ, సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో రెండు ఎడ్లతో సేద్యం చేసుకుంటాననీ చెప్పింది. ఆ సిమ్మూ ఫోనూ ఆమె అన్న కొడుకువి, అతనికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పాతబడ్డాక అత్తకు ఇచ్చాడు గానీ పేరు మార్చలేదు.

రోజూ ఆ పువ్వెందుకు పంపుతున్నావని అడిగాను.

"కాయ్ డాక్టర్‌బాయి, గట్లడుగుతవ్? హాజిరీ ఏస్తున్న. హాజిరీ ఎయ్యకపోతె నా ఎడ్ల పేరు తీసేస్తరట గదా. నాకు రాసుడు రాదు. గా పువ్వు ఒక్కటే పంపొస్తది."

 పేరెవరూ తీసేయరవ్వా అని చెప్పి నేను ఫోన్ పెట్టించబోతుండగా ఆమె ఇంకో మాటంది. "ఇంకేం ఫికర్ లేదులే. మీ డాక్టరే ఇంటికొస్తుండు రేపు, సూది ఏస్తనన్నడు."

ఏ డాక్టరని అడిగాను. దిగంబరని చెప్పింది. ఆమెకు నేరుగా వాయిస్ మెసేజీ పంపాడట. ఆమె ఊరికి మా షెడ్యూలు ఇంకా పడలేదు. మా శాఖలో ఆ పేరుగల డాక్టరు లేడు. యూసుఫ్ వెంటనే ఇంకో నలుగురు సభ్యులకు ఫోన్ చేశాడు. అందరికీ అదే గొంతుతో, అదే మాటలతో మెసేజీ వెళ్లింది. గ్రూపులోంచి నంబర్లు ఏరుకుని ఒకే సంగతి అందరికీ పంపడమే స్పామర్ చేసే పని. మేము పొద్దుతిరుగుడు పువ్వును కాపలా కాస్తుంటే అతను ఎదురుగా కూర్చుని ఆ పని చేసుకుపోయాడు.

మర్నాడు జీపులో అనుసాబాయి ఊరికి వెళ్లాం. ఆమె వాకిట్లోనే కూర్చున్నాం. ఎడ్లు రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. దిగంబర్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. శాఖ జీపును చూసి వెనక్కి తిరుగుతాడనుకున్నాను. అతను బండి ఆపి నాకు నమస్కారం పెట్టాడు. అతని సంచిలో టీ పోసుకునే ఫ్లాస్కు ఉంది, అందులో మందు సీసాలున్నాయి. తీసి చూశాను. ఈ జబ్బుకు మేము వాడే రకం టీకానే. సీలు చెదరలేదు, గడువు దాటలేదు. బ్యాచ్ నంబరు మాత్రం మా స్టోరుది కాదు. ఫ్లాస్కులోని ఐసు కరిగి గోరువెచ్చని నీళ్లయింది. తయారైన చోటు నుంచి పశువు ఒంట్లోకి వెళ్లేదాకా టీకాను చల్లగా ఉంచాలి, దాన్నే మేము కోల్డ్ చైన్ అంటాం. అది ఒకచోట తెగిందన్న అనుమానం వచ్చినా ఆ సీసాను పారేయాలన్నది నియమం. మందు చచ్చిందో బతికుందో కంటికి కనపడదు.

ఎక్కడిదని అడిగాను. దోస్తు ఇచ్చిండన్నాడు, అంతకుమించి చెప్పలేదు. అతను ఒకప్పుడు ఊరూరా తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే పనిలో శిక్షణ పొందినవాడు. తర్వాత ఆ పని పోయింది. నేను గట్టిగా మాట్లాడితే అతనూ గట్టిగానే జవాబిచ్చాడు. "మీ షెడ్యూల్ వచ్చేదాక జబ్బు ఆగుతదా మేడం? వాళ్లు రమ్మన్నరు, నేనొచ్చిన. ఉత్త నీళ్లైతె ఎయ్యలే గదా?"

ఉత్త నీళ్లయితే నా పని సులభమయ్యేది. ఫేకని రాసి పోలీసులకు అప్పగించేదాన్ని. మంచి టీకా అయినా అంతే, లైసెన్సు లేనందుకు కేసు పెట్టి, పశువులకు మాత్రం రక్షణ ఉందని ఊరుకునేదాన్ని. ఇది రెంటికీ చెందలేదు. అప్పటికే అతను కొన్ని ఊళ్లు తిరిగాడు. ఆ పశువులకు టీకా అందినట్టా, అందనట్టా? అతను ఏ పశువుకూ చెవిపోగు వేయలేదు. మేము టీకా వేసిన ప్రతిదానికీ నంబరున్న చెవిపోగు వేసి కంప్యూటర్లో ఎక్కిస్తాం. ఆ లెక్కన అవి టీకా లేని పశువులే. యజమానుల లెక్కన మాత్రం సూది పడ్డవి. మళ్లీ తోలుకురమ్మంటే రారు.

జిల్లా అధికారికి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఫిర్యాదు ఇవ్వమన్నారు, ఇచ్చాను. అతని సూది పడ్డ ఆరోగ్యమైన పశువులన్నిటికీ మళ్లీ వేయమన్నారు. రైతులకు ఆ సంగతి చెప్పాల్సింది దిగంబరేనని నేననుకున్నాను. అతనికి అదే చెప్పాను. తర్వాత గ్రూపులో తనే మెసేజీ పెట్టాడు. నా సూదిని లెక్కలోకి తీసుకోవద్దు, డాక్టరమ్మ వచ్చినప్పుడు మళ్లీ వేయించుకోండి, తప్పయిందని.

నిమిషాల్లో జవాబులు వచ్చిపడ్డాయి. "మన దిగంబర్ గిట్ల రాయడు." "ఎవడో ఫోన్ గుంజుకున్నడు." "ఫేక్, ఫేక్, జల్ది తీసేయుండ్రి." అతను గ్రూపులో పెట్టిన మెసేజీలన్నిటిలో జనం అనుమానించింది అదొక్కదాన్నే. యూసుఫ్ నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక ఫోన్ మీద పని జరగదని తేలిపోయింది. దిగంబర్‌ను జీపులో ఎక్కించుకుని అతను తిరిగిన ఊళ్లకు వెళ్లాం. ఇళ్లు అతనే చూపించాడు. చాలాచోట్ల మమ్మల్ని కాదు, అతన్నే చూసి పశువులను విప్పారు. సూది మేము వేస్తుంటే తాడు అతను పట్టుకున్నాడు. అనుసాబాయి ఊరికి షెడ్యూలు పడ్డ రోజు ఆమె ఎడ్లకు నేనే వేశాను. చెవిపోగు వేస్తుంటే ఎద్దు తల విదిల్చిందని ఆమె నా మీద కోప్పడింది.

ఒక ఊళ్లో మేము ఆలస్యమయ్యాం. దిగంబర్ సూది వేసిన కోడెదూడకు అప్పటికే ముద్దలు లేచి ఉన్నాయి. జబ్బు పడ్డ పశువుకు టీకా వేయం. జ్వరానికి మందులిచ్చాం, ఈగలు వాలకుండా చూడమన్నాం. రెండు రోజులకు అది చచ్చిపోయింది. దాని యజమాని నన్ను సూటిగా అడిగాడు. "ఆయన సూదితోని సచ్చిందా, సూది పని చెయ్యక సచ్చిందా, జబ్బు ముందే ఉండెనా? ఒక్కటి చెప్పు మేడం."  మూడింట్లో ఏదైనా కావచ్చన్నాను. ఆయన నా వైపూ దిగంబర్ వైపూ చూసి, దూడను పాతిపెట్టడానికి గుంత తవ్వే చోటికి వెళ్లిపోయాడు. ఆ జవాబు నాకు ఇప్పటికీ తెలియదు.

పోలీసులు దిగంబర్‌ను మందలించి పంపేశారు. అతని మీద ఫిర్యాదు చేయడానికి రైతులెవరూ ముందుకు రాలేదు. మందు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తేలలేదు.

నాకు అర్థమైంది చెబుతాను. కొత్త సభ్యుడి పేరూ బొమ్మా నంబరూ చూసి ఎవరికి ఫోన్ చేయాలో నిర్ణయించవచ్చు. ఎవరిని తీసేయాలో నిర్ణయించలేం. అనుమానం కలిగించినవాళ్లకే కాదు, ఏ అనుమానమూ కలిగించనివాళ్లకు కూడా ఫోన్ చేయాలి. ఆ తర్వాత మేము కొత్తగా చేరిన ప్రతివారికీ ఫోన్ చేసి ఏ ఊరు, ఎవరి ఇంటి పక్క, ఏ పశువులున్నాయి అని అడిగేవాళ్లం. చాలా సమయం పట్టేది. స్పామర్లు తగ్గారు గానీ పోలేదు.

దిగంబర్‌ను గ్రూపులో ఉంచాలా, తీసేయాలా అన్నది నేను రిటైరయ్యే రోజు దాకా తేల్చుకోలేకపోయాను. నా స్థానంలో వచ్చిన అధికారికి జరిగిందంతా చెప్పి, ఛార్జితో పాటు ఆ నిర్ణయాన్ని కూడా ఆయనకే అప్పగించాను.